ఈ ప్రేమ కుదరకపోతే ఎవరికేం పోతుంది?

తరవాత చదివేవాళ్ళ కోసం నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. గుంటూరు అమ్మాయివి, ఫోన్లో సీరియల్ రాస్తున్నావు, పదకొండు భాగాలయ్యాయి. హీరో కోల్డ్ స్టోరేజీ ఓనరు కొడుకు. హీరోయిన్ తల్లి మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే కూలి. వానలో మిర్చి యార్డు దగ్గర ఇద్దరి చూపులూ కలిశాయి. ప్రేమ, తండ్రి కోపం, మనుషుల్ని పంపించడం, అన్నీ అయ్యాయి. చదివేవాళ్ళు "బాగుంది గానీ సినిమాలా ఉంది" అంటున్నారు. కులం పేరు రాయాలా వద్దా, పెళ్ళి ఎలా చేయించాలి, ముగింపు ఏమిటి అని అడిగావు.

నేను విజయవాడలో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే పనితో మొదలై, సీరియళ్ళు చూసే కుర్చీలోకి వచ్చి, మొత్తం ఇరవై రెండేళ్ళు అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని నీలాంటి పిల్లలు రాసినవి చూసిపెడుతుంటాను. నా కూతురి వయసుదానివి, నువ్వనే అంటాను, ఏమనుకోకు.

పదకొండు భాగాలూ ఏకబిగిన చదివాను. నీ తెలుగు బాగుంది. కానీ నీ కథలో ఇద్దరూ సమానంగా బాధపడుతున్నారు. సరిగ్గా అక్కడే అది సినిమా అయిపోయింది. ఒక తెల్లకాగితం తీసుకో, మధ్యలో గీత గియ్యి. ఈ ప్రేమ కుదరకపోతే ఎవరికేం పోతుందో అటొకటి ఇటొకటి రాసుకో. అబ్బాయి వైపు ఏముంటాయి? నాలుగు నెలలు గడ్డం పెంచుతాడు, స్నేహితులు బాపట్ల బీచికి తీసుకుపోతారు, ఏడాది తిరక్కుండా మంచి సంబంధం వస్తుంది, కోల్డ్ స్టోరేజీ ఎక్కడికీ పోదు. అమ్మాయి వైపు రాయి ఇప్పుడు. తల్లిని ఆ కొట్లో పనికి రావద్దంటారు, పక్క కొట్లోకీ ఆ మాట వెళ్తుంది. చెల్లెలి సంబంధాల దగ్గర "పెద్దదాని సంగతేంటి?" అంటారు. అద్దె వాటా ఖాళీ చెయ్యమంటారు. కాగితం ఒక పక్కకి ఒరిగిపోతుంది చూడు. ఆ ఒరుగుడే నీ కథ. తండ్రి పంపిన మనుషులూ, సుమోలూ అన్నీ దాని తరవాతే.

ఈ లెక్క అబ్బాయికి తెలియదు. అమ్మాయికి మొదటిరోజే తెలుసు. అతను "నీకోసం అన్నీ వదిలేస్తా" అన్నప్పుడు ఆమె ఎందుకు మాట్లాడలేదో చదివేవాళ్ళకి అర్థమవాలి. నువ్వేమో అక్కడ ఆమె చేత కన్నీళ్ళు పెట్టించి వదిలేశావు.

ఇక ఆ వాన సీను. గుంటూరు పిల్లవి, నువ్వే అలా రాస్తే ఎలా తల్లీ? సీజన్లో యార్డులో వాన పడితే ఎవరి చూపులూ ఎవరితోనూ కలవవు. టార్పాలిన్ పట్టాల కోసం పరుగులు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తడిస్తే కాయ రంగు పోతుంది, రేటు పడిపోతుంది. మేలురకం తేజ కాయ తెచ్చిన రైతు తాలు కాయ రేటుకి ఇచ్చుకుని పోవాల్సి వస్తుంది. ఆ పది నిమిషాలూ కొట్టు ఓనరు, గుమస్తా, హమాలీ, రైతు, అందరూ ఒకే పట్టా కొసలు పట్టుకుని లాగుతుంటారు. పట్టాకి అటు కొస అబ్బాయిది, ఇటు కొస అమ్మాయిది అనుకో. "లాగు! ఇంకొంచెం లాగు! కళ్ళు కనపడట్లేదా?" అని అతను అరుస్తాడు. వాళ్ళ మధ్య మొదటి మాట అదే కావాలి. ప్రేమకి పనికిరాని మాటే, కానీ అది నమ్ముతారు.

నీ దగ్గర ఇంతకంటే పెద్ద నిధి ఉంది, నువ్వు దాన్ని వాడుకోలేదు. ముచ్చికలు తీసేవాళ్ళ చేతులు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాయ ముచ్చిక తుంచితే ఆ ఘాటు వేళ్ళలోకి దిగిపోతుంది. నీళ్ళతో కడిగితే పోదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెకి లొంగుతుంది. అందుకే వాళ్ళు ఇంటికొచ్చాక ముందు కొబ్బరినూనో మంచినూనో రాసుకుని, ఆ తరవాత సబ్బు ముట్టుకుంటారు. పసిపిల్లల్ని వెంటనే ఎత్తుకోరు. కంట్లో నలక పడినా వేలు పెట్టరు, మోచెయ్యితో తుడుచుకుంటారు. నీ హీరోయిన్ సెలవు రోజుల్లో తల్లికి సాయం వెళ్తుందని రెండో భాగంలో నువ్వే రాశావు. నాలుగో భాగంలో అబ్బాయి ఆమె చెయ్యి పట్టుకుంటే "సిగ్గుతో వెనక్కి లాక్కుంది" అన్నావు. సిగ్గు కాదమ్మా అది. ఆ చేత్తో ముట్టుకున్నాక అతను కళ్ళు నలుపుకుంటే ఇహ అంతే. ఆమె చెయ్యి లాక్కుంటుంది, కారణం చెప్పదు, చెప్తే తను ఆదివారం ఎక్కడ కూర్చుని ఏం చేసిందో చెప్పాలి. అతనేమో ఇష్టం లేదనుకుంటాడు. మిరపకాయల మీద కోట్లు సంపాదించిన ఇంటి పిల్లాడికి మిరపకాయ చేతికి ఎలా అంటుకుంటుందో తెలియదు. నీ నవల మొత్తం ఆ ఒక్క సీనులో పట్టేస్తుంది. రాస్తే నిదానంగా రాయి.

ఇంకో సంగతి. నీ హీరోకి ఇరవై ఆరేళ్ళు, చేతినిండా డబ్బు. ఎవరిచ్చారు? ఇలాంటి కుటుంబాల్లో కొడుకుకి కారుంటుంది, జేబులో కార్డుంటుంది, చెక్కు మీద సంతకం మాత్రం నాన్నది. కారు పెట్రోలు కూడా కొట్టు ఖాతాలో రాస్తారు. ఏ రోజు ఏ ఊరు వెళ్ళాడో గుమస్తాకి తెలుస్తుంది. నీ హీరోయిన్ కొత్తపేటలో ఆసుపత్రిలో నర్సు. జీతం తక్కువే గానీ అది ఆమె అకౌంట్లో పడుతుంది, ఏటీఎం పిన్ను ఆమెకే తెలుసు. ఆ జంటలో సొంత డబ్బున్నది ఆమె ఒక్కతే! హోటల్ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర ఇది పెట్టి చూడు. అతను కార్డు ఇస్తే మెసేజ్ నాన్న ఫోనుకి వెళ్తుంది. అందుకని ఆమె కడుతుంది. ఆ నెల ఆమె ఏం మానుకుందో తరవాతి భాగంలో చెప్పు. అడగబోయావేమో, ఖరీదైన ఆడి (Audi) కారు హీరోలు అక్కర్లేదు. మా రోజుల్లో వారపత్రికల్లో కారున్న హీరో, కుట్టుమిషనున్న హీరోయిన్ నలభై వారాలు నడిచేవాళ్ళు. నేనూ వాటిని ప్రూఫులు దిద్దుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నదాన్నే. కుట్టుమిషనున్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఒక అనుమానం మాత్రం ఎప్పుడూ ఉండేది. ఈ అమ్మాయి ఎప్పుడూ కుట్టదేం?

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. అమ్మ రాణిగారితోటలో జాకెట్లు కుట్టేది. మా ఆయన వాళ్ళది పటమటలో సొంతిల్లు, ఊళ్ళో పొలం. కులాలు వేరు. 1991లో, పెళ్ళికి ముందే, మా అత్తగారికి సంగతి తెలిసింది. ఆవిడ కేకలెయ్యలేదు. శ్రావణ శుక్రవారం నాడు మూడు గిన్నెల స్టీలు క్యారేజీ నిండా పూర్ణాలు, పులిహోర, పాయసం పంపించారు. గిన్నెల మీద మా మామగారి పేరు చెక్కి ఉంది. ఎంత మంచి మనసు చూడు. తిన్నాం. అమ్మ గిన్నెలు తోమి బోర్లించింది. అప్పుడు మొదలైంది అసలు సంగతి. మన ఇళ్ళలో వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపరు కదా. ఒక గిన్నె అయితే పంచదారో, నాలుగు పళ్ళో వేసి ఇచ్చేస్తాం. ఇవి మూడు గిన్నెలు. నెలాఖరు. ఆ క్యారేజీ మా గూట్లో మూడు రోజులు ఉంది. అమ్మ మిషను తొక్కుతూ దానివంక చూసేది. నాలుగో రోజు ఒకావిడ దగ్గర, ఇంకా కత్తెర కూడా పెట్టని జాకెట్టుకి ముందే డబ్బు తీసుకుని, రవ్వ, పంచదార, డాల్డా తెచ్చి లడ్లు చేసింది. నెయ్యి వాసన రాదని యాలకులు ఎక్కువ దంచింది.

అత్తగారికి ఆ లడ్లు ఎంత నచ్చాయో! మరుసటి శుక్రవారం రెండు క్యారేజీలు పంపించారు.

ఈ సంగతి మా ఆయనకి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి చెప్పాను. "అప్పుడే చెప్తే అమ్మ పంపేది కాదుగా" అన్నారు. పాపం, ఆయనకి ఆ రోజుకీ అర్థం కాలేదు. నీ కథలో అబ్బాయి తల్లిని రాక్షసిలా రాశావు. రాక్షసిని ఎదిరించడం తేలిక. క్యారేజీ పంపే మంచి మనిషిని పెట్టు, అప్పుడు చూద్దాం నీ హీరోయిన్ ఏం చేస్తుందో.

కులం పేరు సంగతి. చాలామంది "అగ్ర కులం", "తక్కువ కులం" అని రాసి తప్పించుకుంటారు. అది వార్తాపత్రిక భాష, మనుషుల భాష కాదు. మన జిల్లాల్లో కులం ఎలా అడుగుతారో నీకు నేను చెప్పాలా? ముందు "మీదేవూరు?" అంటారు. ఊరు చెప్తే "ఊళ్ళో ఎక్కడ?" ఆ తరవాత "ఇంటిపేరు?" అప్పటికీ తేలకపోతే పెద్దావిడ ఎవరో గొంతు తగ్గించి "మీరేవిట్లమ్మా?" అంటుంది. ఈ నాలుగు ప్రశ్నల్లో ఏ ప్రశ్న దగ్గర నీ హీరోయిన్ మాట మారుస్తుందో రాయి. బ్రాడీపేటలో అద్దెకి వాటా చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒకసారి, అబ్బాయి స్నేహితుడి పెళ్ళిలో ఇంకోసారి. ఆమె తల్లి తన ఇంట్లో తన కులం పేరు మామూలుగా అనుకుంటుంది, అక్కడ నువ్వు కూడా అను. కథ చెప్పే నువ్వు ఒక్కదానివే గుసగుసలాడితే పాఠకుడికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

పైగా పైన, కింద అనేది ఒకే నిచ్చెన కాదు. డిప్యూటీ కలెక్టరైన దళిత అమ్మాయి, రైసు మిల్లులో గుమాస్తా కొడుకు ప్రేమించుకుంటే ఎవరు పైన? కలెక్టరాఫీసులో ఆమె. అతని ఊళ్ళో అతను. ఆమె అతనితో కలిసి ఊరికెళ్ళిన రోజు కారు ఎక్కడ ఆగుతుందో ఆలోచించుకో. నువ్వు ఇది ముగించాక రాయాల్సిన కథ అదని నాకనిపిస్తోంది.

మాటల గురించి ఒకటి గట్టిగా చెప్తాను. తెలుగులో ప్రేమకథ సగం "మీరు" నుంచి "నువ్వు"కి రావడంలోనే ఉంది. నీ ఇద్దరూ రెండో భాగానికల్లా నువ్వు-నువ్వు అనేసుకున్నారు. ఓనరు కొడుకు కాబట్టి అతను మొదటిరోజే ఆమెని "నువ్వు" అంటాడు, అది చనువు కాదు, అలవాటు. ఆమె "మీరు" అంటూ ఉంటుంది. అతను ప్రేమలో పడ్డాక పొరపాటున ఒకసారి "మీరు" అన్నాడనుకో, ఆమె తలెత్తి చూస్తుంది. అక్కడ గుండె కొట్టుకుంటుంది చూడు! వాళ్ళమ్మ అతన్ని "బాబుగారూ" అంటుంది. పెళ్ళయ్యాక "అల్లుడుగారు" అనడానికి ఆవిడకి నోరు తిరగదు, మళ్ళీ "బాబుగారూ" అనేస్తుంది, కూతురు చిరాకుపడుతుంది. అబ్బాయి తల్లి కోడల్ని పదిమందిలో "మా అమ్మాయి" అంటుంది. వినడానికి ప్రేమగానే ఉంటుంది. "మా కోడలు" అన్నది ఒక్కసారి కూడా రాలేదని ఆ పిల్లకి మాత్రమే తెలుస్తుంది.

ఇప్పుడు పెళ్ళి. తొమ్మిదో భాగంలో పొద్దున్నే రిజిస్ట్రార్ ఆఫీసుకి పరిగెత్తి, మధ్యాహ్నానికి దండలతో బయటికొచ్చారు. అలా కుదరదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద పెడతారు, శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ ఒక కాపీ వెళ్తుంది. 30 రోజుల్లో చట్టప్రకారం చెల్లే అభ్యంతరమేదీ రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళి. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టం సరిపోతుంది. గుళ్ళోనో ఎక్కడో పద్ధతిగా పెళ్ళి చేసుకుని తరవాత రిజిస్టరు చేయించుకోవచ్చు, దానికి ఈ ముందస్తు నోటీసు ఉండదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి.

మరి నీ హీరోయిన్ వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్తారని మూడో భాగంలో రాసి మర్చిపోయావు. గుంటూరు జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో ఉందో ఈ చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. అందుకని గోడమీద శిలువ ఒకటి, బీరువాలో సర్టిఫికెట్టు ఒకటి. ఏ చట్టం కింద పెళ్ళి అన్న ప్రశ్న రాగానే ఆ ఇంట్లో తల్లి, చెల్లెలి చదువు, పాస్టరుగారు అందరూ కథలోకి వస్తారు. దీన్ని తీర్పరిలా రాయకు. ఆ తల్లికి దేవుడూ కావాలి, చిన్నదాని కాలేజీ సీటూ కావాలి. అంతే.

ఇద్దరూ ప్రత్యేక వివాహ చట్టం కిందికే వెళ్ళారనుకుందాం. అప్పుడు నీకు 30 రోజులు దొరికాయి! బోర్డు మీద ఇద్దరి పేర్లూ, చిరునామాలూ ఉన్న కాగితం, పొలం రిజిస్ట్రేషన్లకి వచ్చే ప్రతివాడూ ఆ గోడ పక్కనే నిలబడతాడు. అబ్బాయి నాన్న గుమస్తా వారానికి రెండుసార్లు వచ్చే ఆఫీసు అది. ఇరవయ్యో రోజున ఎవరో ఆ కాగితం చదువుతారు. సుమోలు, కర్రలు లేకుండా ఇంతకంటే ఉత్కంఠ ఏం కావాలి నీకు? పోలీసుల దగ్గరికి వెళ్ళే సీను ఉంటే, ఇలాంటి జంటల రక్షణకి జిల్లాల్లో ప్రత్యేక విభాగాలుండాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పిన సంగతి హీరోయిన్ నోట ఒక్క ముక్కలో అనిపించు. స్టేషన్లో మాత్రం ముందు రెండువైపుల పెద్దల్నీ పిలిపించి "మాట్లాడుకోండి" అంటారు. ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నది చూపిస్తే చాలు.

ఒకచోట "మా తాతల కాలంలో ఇలాంటి పెళ్ళిళ్ళు ఊహించనైనా లేరు" అని హీరో చేత అనిపించావు. తీసెయ్యి. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు తన కూతురికి దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయిస్తే, గాంధీగారు సేవాగ్రాంలో చేయిద్దామన్నారు. గాంధీగారి హత్య తరవాత, 1948లో, అక్కడే చేశారు. మన తాతలు ఊహించడమే కాదు, చేసి చూపించారు. తరవాత మనమే మర్చిపోయాం.

కిందటేడు ఒకబ్బాయి తన కథ పంపాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది కదా, అమ్మాయి అక్కడ, అబ్బాయి మొగల్రాజపురంలో. హీరో పాల ప్యాకెట్లతో పడవలో వస్తాడు, పాట ఒక్కటే తక్కువ. నేను తిప్పి పంపాను. అమ్మాయి మేడమీద ఉంది, ఫోన్లో నాలుగు శాతం చార్జింగు, డ్రోన్లు అన్నం పొట్లాలు వేస్తున్నాయి, మెట్ల మీద నీళ్ళు. అబ్బాయి ఫోన్ చేసి "క్యాబ్ బుక్ చెయ్యనా?" అంటాడు. వాళ్ళ వీధిలో తడి కూడా ఆరిపోయింది, అతనికి నిజంగా తెలియదు. ఆమె నవ్వుతుంది, నవ్వుతుండగానే ఫోన్ ఆగిపోతుంది. ఇలా మార్చి రాశాడు. ఆ భాగానికి ఎన్నడూ రానన్ని ఉత్తరాలు, అదే, కామెంట్లు వచ్చాయట.

ముగింపు. మనవడు పుట్టగానే తాత కరిగిపోవడం వద్దు. ఎన్ని వందల సీరియళ్ళలో ఆ పసివాడి చేత ఆ చాకిరీ చేయించామో! పుట్టీ పుట్టగానే రెండు కుటుంబాల్ని కలపాలి వాడు. మా ఇంట్లో అలా జరగలేదు. మా మామగారు మా పెద్దవాడిని ఎత్తుకుని ముద్దుచేసేవారు, మా అమ్మ వస్తే మాత్రం పేపరు అడ్డం పెట్టుకునేవారు. రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో. నీ కథలో తండ్రిని కరిగించకు, చంపకు. కొడుకుని మళ్ళీ కొట్లో కూర్చోనివ్వనీ, చెక్కు బుక్కు మాత్రం ఇవ్వనివ్వకు. హీరోయిన్ నర్సు పని మానకూడదు. ఆమె తల్లి ముచ్చికలు తియ్యడం మానిందా లేదా? మానితే ఎవరి డబ్బుతో? కూతురి జీతంతోనా, అల్లుడు నాన్ననడిగి తెచ్చిన డబ్బుతోనా? పన్నెండో భాగం దీనిమీద రాయి. రెండిళ్ళలోనూ ఎవరూ పైకి మాట్లాడకుండా దీనిమీదే గొడవపడుతుంటారు.

ఎండాకాలం సెలవులకి యార్డు మూసేలోపు ఒక సాయంత్రం వెళ్ళు. పనివాళ్ళు బయటికొచ్చే వేళకి గేటు దగ్గర టీ బడ్డీ పక్కన నిలబడు. రాసుకోకు, ఫొటోలు తియ్యకు. వాళ్ళు టీ గ్లాసు ఎలా పట్టుకుంటారో, కొంగుతో పట్టుకుంటారా, ఒట్టి చేత్తోనా, చూసిరా. తరవాత నాలుగో భాగం మళ్ళీ రాసి పంపు. మిగతావి అప్పుడు చూద్దాం.